పేటలోని ఖాళీ స్థలము

పత్రికలలో చిన్న అక్షరములతో పడు ప్రకటనలను చదువువారు తక్కువ. వాటిలో ఒక తరగతి ప్రకటన తరచుగా కనిపించుచుండును. ఫలానా గ్రామము, ఫలానా సర్వే నంబరు, విస్తీర్ణము ఇన్ని చదరపు గజములు, ఉత్తరమున ఫలానావారి ఇల్లు, దక్షిణమున నలుబది అడుగుల రోడ్డు. ఈ స్థలమును ప్రజా, అర్ధప్రజా వినియోగ మండలము నుండి వాణిజ్య వినియోగ మండలమునకు మార్చుటకు తలపెట్టియున్నారు, అభ్యంతరములు గాని సూచనలు గాని ఉన్నవారు పదునైదు దినములలోగా వ్రాతమూలముగా తెలుపవలెను, అని దాని సారాంశము. చదివినవారికి అది తమ వీధి చివరనున్న జాగాయేనని తోచదు. సర్వే నంబరును బట్టి తమ వీధిని గుర్తించువారెవరు? వీధివారికి అది బడికని విడిచిన జాగా, పిల్లలు బంతి ఆడుకొను జాగా, వానకాలమున నీరు నిలుచు పల్లపు జాగా. ప్రకటనలో ఈ పేర్లేవియు ఉండవు.

ఈ భూవినియోగపు మార్పు అనగా నేమి, దానివలన పేటకు కలుగు లాభనష్టములెవ్వి, ఆ పదునైదు దినములలో పేటవాసులు చేయగలిగినదేమి, అను విషయములను గూర్చి ఈ ప్రసంగములో కొంత ముచ్చటింపదలచితిని.

పట్టణ భూమిని మండలములుగా విభజించి, ఇచ్చట ఇండ్లు, ఇచ్చట అంగళ్ళు, ఇచ్చట కార్ఖానాలు అని ముందుగా నిర్ణయించు పద్ధతి మనకు మరీ ప్రాచీనమైనది కాదు. అమెరికాలో న్యూయార్కు నగరము 1916లో ఇట్టి శాసనము చేసినది. ఒహాయో రాష్ట్రములోని యూక్లిడ్ అను గ్రామము చేసిన మండల విభజన చెల్లునని ఆ దేశపు సుప్రీం కోర్టు 1926లో తీర్పు చెప్పినది. ఆ వ్యాజ్యము కూడ ఖాళీ భూమిని గూర్చినదే యగుట గమనింపదగినది. అరువది యెనిమిది ఎకరముల బీడు గల ఒక భూముల కంపెనీ, విభజనవలన తన భూమి వెల పడిపోయినదని కోర్టుకెక్కి ఓడిపోయినది. మన దేశములో బొంబాయి రాజధానికి 1915లోను, మదరాసు రాజధానికి 1920లోను పట్టణ ప్రణాళికా చట్టములు వచ్చినవి. హైదరాబాదులో 1908 నాటి మూసీ వరద తరువాత 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడినది. ఇప్పటి పద్ధతికి మూలము 1975 నాటి ఆంధ్రప్రదేశ్ పట్టణ ప్రాంతముల అభివృద్ధి చట్టము. తరువాత హైదరాబాదు మహానగరమునకు 2008లోను, విభజనానంతరము ఆంధ్రప్రదేశ్‌లోని నగరాభివృద్ధి సంస్థలకు 2016లోను వేరు చట్టములు వచ్చినవి. అయినను, ప్రకటన చేసి, అభ్యంతరములను పిలిచి, వాటిని విచారించిన తరువాతనే ప్రణాళికను మార్చవలెనను నియమము వాటన్నిటిలోను నిలిచియున్నది.

ప్రణాళికా పటములో నివాస భాగమునకు పసుపు రంగును, వాణిజ్యమునకు నీలమును, ఉద్యానములకు పచ్చను, ప్రజా, అర్ధప్రజా వినియోగమునకు ఎరుపును వేయుట మన దేశములో వాడుక. బడి, ఆసుపత్రి, గ్రంథాలయము, తపాలా కార్యాలయము, పోలీసు స్టేషను, దేవాలయము, మసీదు, చర్చి, ఇవన్నియు ఎరుపు క్రిందికే వచ్చును. ఎఱ్ఱ మచ్చ నీలముగా మారుట పటముమీద వ్రేలెడంత మార్పు. నేలమీద మాత్రము అట్లు కాదు.

ఇచ్చట ఒక సంగతి చెప్పవలెను. ఎఱ్ఱ రంగు వేసిన భూములన్నియు ఒక్క తీరువి కావు. పేటవాసులు అభ్యంతరము వ్రాయబోవునపుడు మొట్టమొదట తేల్చుకొనవలసినది ఇదియే. లేఅవుటు వేసినవారు విస్తీర్ణములో పదవవంతు ఖాళీగా విడిచి స్థానిక సంస్థకు దానపత్రము వ్రాసియిచ్చిన భూమి యున్నది. ప్లాట్లు కొన్నవారందరు తాము చెల్లించిన వెలలో దాని ఖరీదు కూడ చెల్లించినట్లే లెక్క. దానిని అమ్ముటకు గాని మార్చుటకు గాని ఎవరికిని న్యాయమైన హక్కు లేదు. ప్రభుత్వము చౌకగా ఒక సంఘమునకో ధర్మసంస్థకో బడి కట్టుటకని ఇచ్చిన భూమి మరియొక తీరుది. ఆ సంఘము బడి కట్టలేదు. ఇరువది సంవత్సరములు గడచినవి. ఇప్పుడు కార్యాలయ భవనము కట్టెదమనుచున్నది. బడి పేరిట పొందిన చౌకవెల భూమి కార్యాలయపు వెలకు పెరుగుచున్నది. ఆ పెరుగుదల ఎవరికి చెందవలెను? మార్పు రుసుము కట్టించుకొన్నంత మాత్రమున ఈ ప్రశ్న తీరిపోదు. ఇక మూడవ తీరు, ప్రణాళిక వ్రాసినవారు ముందుచూపుతోనో, అప్పటికి అక్కడ ఏదో సంస్థ ఉన్నందువలననో, ఎఱ్ఱ రంగు వేసిన సొంత పట్టా భూమి. ఈ యజమాని గోడు వేరు. దానిని గూర్చి తరువాత చెప్పెదను.

పేటలో ఒక ఎకరము జాగా యున్నదనుకొందము. ఎకరమనగా 4,840 చదరపు గజములు, చదరపు మీటర్లలో సుమారు 4,047. కేంద్ర ప్రభుత్వము 2014లో వెలువరించిన పట్టణ ప్రణాళికా మార్గదర్శక సూత్రములలో అయిదువేల జనాభాకు ఒక ప్రాథమిక పాఠశాల యుండవలెననియు, దానికి 0.40 హెక్టారు భూమి కావలెననియు ఉన్నది. అనగా ఈ ఎకరము అయిదువేలమంది నివసించు పేటకు ఒక బడి. విద్యాహక్కు చట్టముననుసరించి కేంద్రము 2010లో సూచించిన నమూనా నియమములలో అయిదవ తరగతి వరకు చదువు పిల్లలకు ఒక కిలోమీటరు నడక దూరములో బడి ఉండవలెనని చెప్పబడినది. బడి ప్రక్క పేటలోనికి పోయినచో ఏడేండ్ల పిల్ల పెద్ద రోడ్డు దాటవలసి వచ్చును. లేదా తండ్రి స్కూటరు తీయవలెను, లేదా తల్లి ఆటోకు నెలకింత అని కట్టవలెను.

అదే ఎకరములో సగము నేలమీద అయిదంతస్తుల కార్యాలయము లేచినచో సుమారు పదివేల చదరపు మీటర్ల గచ్చు ఏర్పడును. 2005 నాటి జాతీయ భవన నిర్మాణ నియమావళి, అగ్నిప్రమాద సమయమున బయటపడు దారులను నిర్ణయించుటకై, కార్యాలయములలో పది చదరపు మీటర్లకు ఒక మనిషి చొప్పున లెక్క వేసినది. ఆ లెక్కను బట్టి వేయిమంది. అందరును రాకపోయినను, సగముమంది వచ్చినను, వారు పేటవారు కారు. దూరమునుండి బండ్లమీద వచ్చువారు. నలుబది అడుగుల వీధిలో ఉదయము తొమ్మిదిన్నరకును సాయంకాలము ఆరు గంటలకును ఏమి జరుగునో వర్ణింపనక్కరలేదు. భవనము క్రింద బండ్లు నిలుపుటకని చూపిన నేలమాళిగ కొంతకాలమునకు గిడ్డంగిగా మారుటయు, బండ్లు వీధిలోని ఇండ్ల గేట్ల ముందునకు చేరుటయు మన నగరములలో కొత్త కాదు.

అయితే పేటవాసులు చెప్పు కారణములన్నియు గట్టివి కావు. నీళ్ళు చాలవని అందరును వ్రాయుదురు. కార్యాలయములో మనిషికి దినమునకు 45 లీటర్లని నియమావళి లెక్క. పగటి పాఠశాలలో విద్యార్థికిని అదే లెక్క. ఇండ్లకైనచో 135 లీటర్లు. కనుక నీటి వాదముతో బడిని సమర్థించి కార్యాలయమును నిరాకరించుట అంత తేలిక కాదు. కార్యాలయము వచ్చినచో పేట పాడగునను మాట కూడ పూర్తిగా నిజము కాదు. ముండ్లకంపతోను చెత్తతోను నిండి, రాత్రివేళ ఆడవారు ఒంటరిగా దాటుటకు జంకు జాగాకంటె, దీపములు వెలుగుచు కావలి యున్న కార్యాలయము మేలని తలచువారును కలరు. వారి మాటను త్రోసివేయుట సరికాదు. కాని జాగాను శుభ్రముగా నుంచుట ఒక సమస్య, దాని వినియోగమును మార్చుట మరియొక సమస్య. మొదటిదానికి ప్రహరీగోడయు, పారిశుద్ధ్యమును చాలును. చెత్త పేరుకొన్నదను కారణముతో రెండవదానిని ఒప్పుకొనుట విచిత్రమైన తర్కము. చెత్తను పేరుకొననిచ్చినదెవరో ముందు అడుగవలెను.

ఈ సందర్భమున బెంగుళూరు నగరమునకు సంబంధించిన ఒక వ్యాజ్యమును జ్ఞాపకము చేయవలసియున్నది. శాంకీ చెరువు దగ్గర రాజమహల్ విలాస్ ఎక్స్‌టెన్షనులో ఒక స్థలము, 1945 నాటి నగరాభివృద్ధి చట్టము క్రింద వేసిన పథకములో, ఖాళీ ప్రదేశముగా విడువబడినది. 1976లో ప్రభుత్వ ఉత్తర్వుల ననుసరించి అభివృద్ధి సంస్థ ఆ స్థలమును ఆసుపత్రి కట్టుకొనుటకై ఒక వైద్య ట్రస్టుకు కేటాయించినది. చుట్టుప్రక్కల నివసించువారు హైకోర్టుకు వెళ్ళిరి. మొదట ఏక న్యాయమూర్తి వారి అర్జీని కొట్టివేసిరి. అప్పీలులో ధర్మాసనము వారి పక్షమున తీర్పు చెప్పినది. ట్రస్టు సుప్రీం కోర్టుకు పోగా 1991 జూలైలో న్యాయమూర్తులు థామ్మెన్, సహాయ్ గారలు ఆ అప్పీలును త్రోసిపుచ్చిరి. ఆసుపత్రియు మంచిదే కదా, ప్రజలకు ఉపయోగించునదే కదా, అను వాదము వారిముందు నిలువలేదు. ప్రజలందరికి ఉద్దేశించిన ఖాళీ ప్రదేశమును ఒక ప్రైవేటు వైద్యశాలకు ఇచ్చుట పథకమును మార్చుట కాదు, దాని ఉద్దేశమునే భంగపరచుట యని వారు తలచిరి. అంతకన్న మనకు ముఖ్యమైనది మరియొకటి. ఆ పేటవాసులకు కోర్టుకు వచ్చు అర్హత యున్నదా యను ప్రశ్నకు, ఉన్నదనియే వారు సమాధానమిచ్చిరి. పక్కింటి భూమి విషయము నీకేల యని ఇక ఎవరును అనుటకు వీలులేదు.

ఆసుపత్రి విషయములోనే ఇట్లయినచో కార్యాలయమునకు గల వాదబలమెంత? ఇచ్చట మాత్రము తొందరపడి ఉప్పొంగరాదు. బెంగుళూరు స్థలము పథకములో ప్రజలకని విడిచినది. నేను పైని చెప్పిన మూడవ తీరు భూమికి, అనగా సొంత పట్టా భూమికి, ఆ తీర్పు యథాతథముగా వర్తించునని చెప్పజాలము. ఆ యజమాని అడుగు ప్రశ్న న్యాయమైనది. "నా నేలమీద ఎఱ్ఱ రంగు వేసితిరి. బడి కట్టుటకు నాకు స్తోమత లేదు. మీరు కొనరు, నన్ను కట్టుకొననీయరు. ఎన్నాళ్ళు?" మహారాష్ట్రలో 1966 నాటి చట్టము ఈ ప్రశ్నకు ఒక దారి చూపినది. ప్రజావసరమునకని గుర్తించిన భూమిని పదేండ్లలోపల ప్రభుత్వము సేకరింపకపోయినచో యజమాని నోటీసు ఇచ్చి, గడువు దాటిన పిమ్మట ఆ బంధమునుండి విడుదల పొందవచ్చును. యజమానికి ఊరట, ప్రభుత్వమునకు హెచ్చరిక. ఇట్టి గడువు న్యాయమేయని నా అభిప్రాయము. పేట కోరుకొన్న బడికి పేటయంతయు వెల చెల్లింపవలెను గాని ఒక్కరి ఆస్తిని ముప్పది సంవత్సరములు బిగబట్టి ఉంచుట ధర్మము కాదు.

వెల మాట వచ్చినది కనుక, ఆ స్థలమును ఇప్పుడు పోగొట్టుకొని రేపు మరియొకటి కొనవలసి వచ్చినచో ఏమగునో చూడుడు. 2013 నాటి భూసేకరణ చట్టము ప్రకారము పట్టణములలో మార్కెట్టు విలువయు, దానిపై అంతే మొత్తము సొలేషియమును చెల్లింపవలెను. అనగా రెట్టింపు. అంతకంటె ముందు, ఇండ్లు దట్టముగా కట్టిన పేటలో ఎకరము ఖాళీ ఎక్కడ దొరకును?

ఇక పదునైదు దినముల సంగతి. "మేము వ్యతిరేకించుచున్నాము" అని నూరుమంది చేవ్రాళ్ళు చేసిన కాగితముకంటె, నాలుగు వివరములు గల ఒక్క కాగితము ఎక్కువ పనిచేయును. స్థలము పై మూడు తీరులలో దేనికి చెందునో లేఅవుటు నకలు సంపాదించి చూపవలెను. దానిని సమాచార హక్కు చట్టము క్రింద అడుగవచ్చును. పేట జనాభా యెంత, ఒక కిలోమీటరులోపల బడులెన్ని, వైద్యశాలలెన్ని, ఎరుపు రంగు వేసిన జాగాలు ఇంకేమైన మిగిలియున్నవా, వీధి వెడల్పు పటములో ఎంత, నేలమీద కొలిచినపుడు ఎంత, ఇవి వ్రాయవలెను. పటములో నలుబది అడుగులున్న వీధి నేలమీద ముప్పదిరెండు అడుగులే యుండుట అరుదు కాదు. అర్జీ అందినట్లు రసీదు తీసికొనవలెను. విచారణ కోరవలెను.

మరియొక మెలిక కలదు. దరఖాస్తులో కార్యాలయము అని యుండును. కాని మార్పు జరుగునది వాణిజ్య మండలమునకు. ఒకసారి నీలము రంగు పడిన తరువాత అందు కార్యాలయమే రావలెనని నిర్బంధించుట కష్టము. ఆ మండలములో అనుమతించు దుకాణమో, విందుశాలయో లేవవచ్చును. కనుక మార్పు తప్పదని తోచినపుడు సైతము, కార్యాలయమునకు మాత్రమే అను షరతును ఉత్తర్వులోనే వ్రాయించుమని అడుగుట మంచిది. అంతిమ ఉత్తర్వులలో కొన్ని షరతులు ఆనవాయితీగా ఉండును. మార్పు రుసుము కట్టవలెను. కట్టడమునకు వేరుగా అనుమతి పొందవలెను. ఈ మార్పును భూమిపై యాజమాన్యమునకు సాక్ష్యముగా చూపరాదు. వీటి ప్రక్కన పేటకు పనికివచ్చు షరతులు మరికొన్నిటికి చోటు ఉన్నది. రాకపోకల ద్వారము పెద్ద రోడ్డు వైపుననే ఉంచుట, బండ్లన్నియు ఆవరణలోపలనే నిలుపుట, పడమటి ఇండ్ల గాలి వెలుతురులకు అడ్డు రాకుండ అదనముగా జాగా విడుచుట, స్థలములో కొంత భాగమును అంగన్‌వాడీకో పఠనమందిరమునకో స్థానిక సంస్థకు అప్పగించుట. అభ్యంతరములు గాని సూచనలు గాని అని ప్రకటనలోనే యున్నది. సూచనలను గూర్చి మనవారు సాధారణముగా మరచిపోవుదురు.

1992 నాటి డెబ్బదినాలుగవ రాజ్యాంగ సవరణ పట్టణ ప్రణాళికను, భూవినియోగ క్రమబద్ధీకరణమును పురపాలక సంఘములకు అప్పగింపదగిన విషయములలో చేర్చినది. ఆచరణలో ఈ మార్పు ఉత్తర్వులు చాలవరకు రాష్ట్ర ప్రభుత్వమునుండియే వెలువడుచున్నవి. వార్డు సభ్యునికి తన వార్డులోని స్థలము రంగు మారిన సంగతి పేటవారి తరువాత తెలిసిన సందర్భములు కూడ ఉండవచ్చును. అందుచేత అర్జీ నకలొకటి ఆయనకు సైతము ఇచ్చి, సంఘ సమావేశములో ఆ విషయమును ఎత్తుమని కోరవలెను. ప్రతిపాదిత స్థలముయొక్క పటమును పనివేళలలో కార్యాలయమునకు పోయి ఎవరైనను చూడవచ్చునని ప్రకటన అడుగున సాధారణముగా వ్రాసియుండును. మొదటి దినముననే వెళ్ళుట మేలు. మధ్యలో రెండు ఆదివారములు వచ్చును.