ట్రాక్టరు టైర్లలో ఏ ద్రవము నింపవలెను?

దుక్కిలో ట్రాక్టరు వెనుక చక్రములు జారి ఉన్నచోటనే తిరుగుచున్నచో డీజిలు వ్యర్థమగును, టైరు అరుగును. చక్రముపై బరువు చాలకపోవుటయే తరచు ఇందుకు కారణము. టైరులో ద్రవము నింపి ఆ బరువును చేర్చవచ్చును. అయితే ఏ ద్రవము?

శీతల దేశములలో నీరు టైరులోనే గడ్డకట్టును గనుక అచటి రైతులు పలువురు కాల్షియం క్లోరైడు ద్రావణము వాడుదురు. అది తీవ్రమైన చలికిని గడ్డకట్టదు. నీటికంటె సుమారు ఐదవ వంతు బరువెక్కువ. కాని అది రిమ్మును తుప్పు పట్టించును. కారినచోట పైరు మాడును. అమెరికాలో కొందరు బీటుదుంప రసము నింపుదురు. అది తుప్పు పట్టింపదు, వెల మాత్రము హెచ్చు.

మన తెలుగు మైదానములలో నీరు గడ్డకట్టు చలి లేదు. లేని చలికి వెరచి రిమ్మును పాడుచేసికొననేల? మనకు మంచినీరే చాలునని మేము తలంచుచున్నాము. ఉప్పునీరు మాత్రము వలదు.

చక్రమును జాకీపై ఎత్తి, వాల్వు పైకి వచ్చునట్లు త్రిప్పి, ఆ మట్టము వరకు నింపినచో టైరులో నాలుగింట మూడు పాళ్లు నీరుండును. తక్కినది గాలికి విడువవలెను. 200 లీటర్లు పట్టినచో ఆ చక్రమునకు 200 కిలోల బరువు చేరినట్లే.

మాగాణిలో దమ్ము చేయుటకు ముందు ఈ నీటిని తీసివేయుట మరువరాదు. మెట్టదుక్కిలో పట్టునిచ్చిన బరువే బురదలో బండిని దిగవేయును.