కరెంటు పెట్టించుకునే ముందు పండ్లు చూపించుకోండి



నోటి క్యాన్సరుకూ, గొంతు క్యాన్సరుకూ రేడియేషన్ ఇస్తారు. మనవాళ్లు 'కరెంటు పెట్టడం' అంటారు. అట్లాంటి వాళ్ల పండ్ల సంగతి నాలుగు మాటలు చెబుతాను. ప్రాణం మీదికి వచ్చినప్పుడు పండ్లెవరు చూస్తారండీ అనుకోవద్దు.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం నుంచి ఈ జబ్బుకు జనం బెంగుళూరు కిద్వాయికో, వేలూరు సి.ఎం.సి.కో పోతుంటారు. 2022లో తిరుపతిలో టాటా ట్రస్టు వారి క్యాన్సర్ ఆసుపత్రి కూడా వచ్చింది. వారానికి అయిదు రోజుల చొప్పున ఆరేడు వారాలు, మొత్తం 60, 70 గ్రే దాకా కిరణాలు ఇవ్వడం మామూలు. అది ముగించుకొని ఇంటికి వస్తే గండం గడిచిందనుకుంటాం. పండ్ల కథ అక్కడే మొదలవుతుంది.

ఆ కిరణాలు గడ్డతో పాటు ఉమ్మి ఊరే గ్రంథులనూ దెబ్బ తీస్తాయి. నోరు ఎండిపోతుంది. ఉమ్మి లేని నోట్లో పండ్లు చిగురు అంచున పుచ్చి, కొన్ని నెలల్లోనే విరిగిపోవచ్చు. సరే, పీకించేద్దాం అంటారా? చిక్కంతా అందులోనే ఉంది. కిరణాలు తగిలిన దవడ ఎముకకు, ముఖ్యంగా కింది దవడకు, రక్తం సరిగా అందదు. పన్ను తీసిన గుంత మానకపోవచ్చు. ఎముక బయటపడి చచ్చిపోవచ్చు. అయిదేళ్లయినా, పదేళ్లయినా ఈ భయం పోదు.

అందుకే తీయాల్సిన పండ్లు కరెంటుకు ముందే తీయించాలి. గాయం మానడానికి రెండు వారాలన్నా కావాలి. అయితే దీనికోసం క్యాన్సరు వైద్యాన్ని మన ఇష్టంగా వాయిదా వేయకూడదు; ఇద్దరు డాక్టర్లూ మాట్లాడుకొని తేదీ పెట్టాలి.

తర్వాత మెత్తటి బ్రష్షు, డాక్టరు రాసిన ఫ్లోరైడు జెల్లు రోజూ వాడాలి, బతికినంత కాలం. గ్లాసు నీళ్లలో పావు టీస్పూను ఉప్పు, పావు టీస్పూను వంటసోడా కలిపి పుక్కిలించవచ్చు. మిస్వాక్ అలవాటున్న పెద్దలు ఏమనుకోవద్దు, నోరు పుండుగా ఉన్నన్నాళ్లు ఆ పుల్ల గాని, వేపపుల్ల గాని వద్దు, గీరుకుంటుంది. నోరు ఎండుతోందని చక్కెర బిళ్లలు చప్పరించడం మరీ చేటు. దవడ బిగుసుకుపోకుండా నోరు తెరిచి మూసే కసరత్తు ఆసుపత్రిలో నేర్పించుకోండి. గుట్కా, జర్దా సంగతి వేరే చెప్పాలా?

మన సంఘం రోగికి దారి ఖర్చులిచ్చి పంపేటప్పుడు, ముందుగా పండ్ల డాక్టరు దగ్గరికి ఒక మనిషిని తోడిచ్చి పంపితే బాగుంటుంది. ఇంట్లోవాళ్లు ఆసుపత్రి ఫైలు పారేయకుండా ఉంచండి. ఎన్నేళ్లకు పన్ను నొప్పి వచ్చినా, డాక్టరు పట్టకారు పట్టకముందే ఆ ఫైలు ఆయన చేతిలో పెట్టండి.