మా మేడమీది పాత డిష్
(షోలాపురం ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



పంచాంగ శ్రవణం కాగానే పాత డిష్‌ను గురించి మాట్లాడటమేమిటని కొందరు నవ్వుకొంటున్నారు. నవ్వండి. కాని మన పేటలో మేడలమీద తుప్పు పట్టుతున్న ఆ పెద్ద గొడుగులు ఎందుకు వచ్చినవో మీకు తెలియనిది కాదు. 1995లో జెమిని, ఈటీవీ మొదలైనవి. మా వీధి కేబులులో తెలుగు రాలేదు. నాయనగారు మరమగ్గంమీద సంపాదించినదానిలో దాచి, 1997లో 8 అడుగుల జాలి డిష్ పెట్టించారు. తెలుగు వార్తల వేళకు ఇరుగుపొరుగు వారంతా మా ఇంట చేరేవారు.

నాయనగారు పోయిన తరువాత అది మూగపోయినది. నిరుడు బావగారు పాత ఇనుమువానితో బేరమాడి, బండిని గుమ్మం దాకా తెచ్చినారు. అమ్మ ఏమీ అనలేదు. మేడమెట్లమీద కూర్చున్నది, అంతే. నేను బండివానికి చాయ్ ఇప్పించి పంపివేశాను.

డిష్ అద్దం వంటిది. అందులో చెడిపోవుటకు యంత్రమేమీ లేదు. ఆకారం నిలిస్తే చాలు. సీ-బ్యాండు తరంగం నిడివి దాదాపు మూడు అంగుళాలు. అందుకే సన్నని జాలి కూడా దానిని దాటిపోనీయక తిప్పికొట్టును. ఆకారం పరీక్షించటానికి మన ఇండ్లలో నూలుండనే వున్నది! ఎదురెదురు అంచులనుండి రెండు పోగులు అడ్డంగా బిగించి కట్టితే అవి నడుమ ఒకదాని నొకటి తాకాలి. పైపోగును కిందికి మార్చి మరల చూడాలి, లేకుంటే ఒత్తిడి తెలియదు. మాకు రెండువేళ్ల సందు వచ్చినది. బోల్టులకు కిరసనాయిలు పట్టించి, రాత్రంతా నాననిచ్చి, వదులుచేసి, వాలిన అంచును వెదురుబొంగుతో ఎత్తి, పోగులు తాకిన క్షణాన కొత్త బోల్టులు బిగించాము. మూడు ఆదివారములు పట్టినది. రంగు వేసేవారు మెరిసే రంగు వేయకండి; ఎండను కూడా ఒకచోటికి చేర్చును.

ఎల్‌ఎన్‌బీ ఎంత దూరాన వుండాలి? వ్యాసాన్ని వ్యాసంతో గుణించి, లోతుకు 16 రెట్లతో భాగించాలి. మా డిష్ వ్యాసం 96 అంగుళాలు, లోతు 15. లెక్క 38.4 అంగుళాలు. కొలిచి చూస్తే 36 వున్నది. ఎవరో ఎప్పుడో జరిపినారు!

ఇక మార్చవలసినవి. పాత రిసీవరు అనలాగు కాలపుది, నేటి డిజిటల్ ప్రసారం దానికి అర్థం కాదు. ఎంపెగ్-4 రిసీవరు, కొత్త సీ-బ్యాండు ఎల్‌ఎన్‌బీ, ఆర్‌జీ-6 కేబులు తెచ్చాను. బోల్టులతో సహా 3,000 రూపాయల లోపే. చిన్న డిష్ వుండగా ఇదెందుకని బావగారు అడిగినారు. నెలనెలా కట్టే పని లేదు; పైగా జోరువానలో చిన్నడిష్ బొమ్మ పోయినా సీ-బ్యాండు అంత సులభంగా పోదు.

గురి పెట్టుట మాత్రం ఓర్పుతో కూడిన పని. ఉపగ్రహం భూమధ్యరేఖపైన సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున వున్నది. మేము వెదకిన దూరదర్శన్ ఉపగ్రహ స్థానం 93.5 డిగ్రీల తూర్పు. షోలాపురం నుండి అది ఆగ్నేయాన, నేలకు 61 డిగ్రీల ఎత్తున వుండును. డిష్ అంచు ఒక్క అంగుళం జరిగితే గురి డిగ్రీకి పైగా తప్పును. కొంచెం కదపాలి, ఆగాలి, మరల కదపాలి. ఎల్‌ఎన్‌బీని కూడా కొంత మెలితిప్పాలి. మూడవ సాయంకాలం కింద నుండి మా పాప కేక వేసినది: “అమ్మమ్మా, తెలుగు!” యాదగిరిలో వార్తలు వచ్చుచున్నవి. అమ్మ కళ్లజోడు వెదకుకొనేలోగా అవి అయిపోయినవి. రేపు మళ్లీ వస్తవిలే అన్నది.

మీ మేడమీద కూడా ఇట్టిది వుంటే బండివాడు రాకముందే నాకు కబురు చేయండి. ఆదివారములు ఖాళీగానే వుంటాను. నూలు మాత్రం మీరే ఇవ్వాలి.