సెల్ఫు మోటారు చెప్పిన పాఠము



నేను బడిలో వ్యాకరణము చెప్పి విశ్రాంతి పొందినవాడను. యంత్రములతో నాకు పరిచయము తక్కువ. అయినను సికింద్రాబాదులో మా పాత కారు నాకొక పాఠము చెప్పినది. దానిని మీకు విన్నవించెదను.

ఇంజనును మొదట త్రిప్పి నడకకు తెచ్చు చిన్న విద్యుత్ మోటారునే సెల్ఫు అందురు. మీ ట్రాక్టరులకును అది కలదు. పూర్వము ఇనుప కడ్డీని చేతితో త్రిప్పెడివారు. ఇంజను ఎదురుతన్నినచో మణికట్టు విరుగుటయు కలదు. అమెరికాలో కెటరింగు అను ఇంజనీరు రూపొందించిన విద్యుత్ సెల్ఫు, 1912 నాటి కాడిలాకు కార్లలో అమరి, ఆ బాధను తప్పించెను.

మా కారు సెల్ఫు ఒకనాడు మొరాయించెను. దీపములు చక్కగా వెలుగుచున్నవి. తాళము త్రిప్పినచో 'టక్కు' మను చప్పుడే గాని ఇంజను కదలలేదు. ఎవరో చెప్పగా మోటారుపై కఱ్ఱతో మెల్లగా తట్టితిని. వెంటనే కదలెను. నెలదినములు ఇట్లే గడపితిని. ఒక రాత్రి నా భార్యకు గుండెనొప్పి వచ్చెను. ఆనాడు ఎంత తట్టినను సెల్ఫు పలుకలేదు. పొరుగువారి బండిలో ఆసుపత్రికి చేరితిమి. దైవానుగ్రహమున ఆమె కోలుకొన్నది.

పిమ్మట రాణీగంజునుండి మెకానిక్కును పిలిపించితిని. అతడు ముందుగా బ్యాటరీ తీగను విప్పి, మోటారును ఊడదీసి, వెనుకమూతను తెరచెను. లోపలినుండి నల్లని పొడి రాలినది. తిరుగు భాగపు కొనయందు రాగి పలకల వలయమును, దానికి స్ప్రింగులచే ఆనియుండు నాలుగు బ్రష్షులును చూపెను. రాగి, గ్రాఫైటు కలిపి చేసిన ఆ చిన్న దిమ్మలగుండానే నూరు ఆంపియరులకు మించిన విద్యుత్తు ప్రవహించును. అవి అరిగి పొట్టివైనందున స్ప్రింగు వానిని రాగికి అదుమలేకపోయెను. నేను తట్టినప్పుడు అదరి క్షణమాత్రము తగిలెడివి, అంతియే.

"మోటారు మంచిగనే ఉన్నది సారూ, బ్రష్షులే అరిగినయి. తట్టిన రోజే తెస్తే అయిపోయేది," అనెను. రాగి వలయమును శుభ్రపరచి క్రొత్త బ్రష్షులను అమర్చగా సెల్ఫు మరల తిరిగెను.

తట్టగా కదలినప్పుడు రోగము తీరెనని నేను భ్రమించితిని. నిజమునకు రోగమెక్కడనున్నదో ఆ దెబ్బయే చెప్పినది, నేను వినలేదు. మీ యింట ట్రాక్టరు గాని కారు గాని ఇట్లు తట్టిన కదలినచో, ఆనాడే మెకానిక్కునకు చూపింపుడు. అత్యవసరము రాత్రివేళ చెప్పిరాదు.