దేహమునుండి తీసిన లోహము

బావిగట్టున జారిపడి తుంటి విరిగిన అవ్వకు ఉక్కు కడ్డీ వేయుదురు. మోటారుసైకిలుమీదనుండి పడిన పిల్లవానికి పలక పెట్టి మరమేకులతో బిగింతురు. మోకాళ్లరిగిన పెద్దవారికి కృత్రిమపు కీళ్లు అమర్చుదురు. గుండె కొట్టుకొనుట మందగించిన తాతగారికి చర్మము క్రింద పేస్‌మేకరు అను చిన్న యంత్రమును పొదుగుదురు. వీనిని దేహములో పెట్టుటను గూర్చి మనము ఎంతయో విచారింతుము. ఖర్చెంత, వైద్యుడెవరు, ఏ దేశపు సరకు అని పదిమందిని అడుగుదుము. కాని ఈ వస్తువులే ఒకనాడు దేహమునుండి వెలికి వచ్చినపుడు ఏమగుచున్నవో, ఎవరి పరమగుచున్నవో అడుగువారు అరుదు. నేటి ప్రసంగమున ఈ సంగతినే విచారింతము.

ఈ ప్రశ్న మాకు పుస్తకములు చదువుటచే కలిగినది కాదు. కొన్ని సంవత్సరముల క్రిందట మా యింటి పెద్దామెకు తొడయెముక విరిగినది. వైద్యులు పలక వేసి ఎనిమిది మరమేకులతో బిగించిరి. గాయము మానినది. ఆమెకు మంచము పట్టియుండుట తలవంపుగా నుండెను. మాకును ఆమెను నడిపింపవలెనను తొందర యుండెను. చెరియొక రెక్క పట్టుకొని దినదినమును నాలుగడుగులు వేయించుచుంటిమి. ఏడవ మాసమున పెరటిలో తులసికోట దగ్గర నడచుచుండగా కాలు మడతపడి కూలబడెను. ఎక్స్‌రే తీయగా పలక నడిమికి విరిగియున్నది. మరల శస్త్రచికిత్స జరిగినది. మూడవనాడు మేము వైద్యశాలవారిని విరిగిన పలక యేదని అడిగితిమి. "అది చెత్తతో పోయినది" అని చెప్పిరి.

వారు అబద్ధమాడలేదు, దేనిని దాచను లేదు. అది భద్రపరుపవలసిన వస్తువని ఎవరికిని తోచలేదు, అంతియే. కాని ఆ పలకతోపాటు మా ప్రశ్నకు జవాబుకూడ పోయినది. ఎముక అతుకకపోవుటచే పలక విరిగెనా? పలకలోనే లోపముండెనా? లేక మేము తొందరపడి నడిపించుటచే విరిగెనా? ఈ మూడవ ప్రశ్న మమ్ము చాలకాలము వేధించినది. పెద్దామె మాత్రము ఒక్కనాడును ఆ మాట ఎత్తలేదు. ఆమె ఎత్తకపోవుటయే మాకు మరింత బరువైనది.

విరిగిన లోహము నోరులేని సాక్షి. ఇనుపతీగను చేతబట్టి ఇటు నటు పదేపదే వంచినచో కొంతసేపటికి తెగిపోవును. ఏ ఒక్క వంపును దానిని తెంపగలది కాదు. అన్నియు కలిసి తెంచినవి. లోహము అలసినదని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఎముక విరిగినచోట వేసిన పలక మన బరువును శాశ్వతముగా మోయుటకు చేసినది కాదు. ఎముక అతుకువరకు మాత్రమే దానికి పని. ఎముక అతుకుట ముందా, లోహము అలయుట ముందా అను పందెము ప్రతి రోగి దేహములోను జరుగుచుండును. సాధారణముగా ఎముకయే గెలుచును. గెలువనిచో ఎంత మంచి పలకయైనను ఒకనాటికి విరుగును.

ఈ కథయంతయు విరిగిన అంచుమీద వ్రాసియుండును. మెల్లమెల్లగా అలసి విరిగిన లోహమును సూక్ష్మదర్శినిలో చూచినచో, చెరువునీరు తీయగా గట్టున మిగిలిన చారలవలె వరుసగా గీతలు కానవచ్చును. ఒక్క దెబ్బకు విరిగిన దానికి ఈ చారలుండవు. తయారీలో లోపమున్నచో పగులు ఎచ్చట మొదలైనదో ఆ తావున దాని జాడ కనిపించును. అందుచేత విరిగిన పలకను తీసివేయునపుడు శ్రావణముతో ఆ అంచును గీరకుండ, రెండు ముక్కలను ఒకదానితో నొకటి రాపిడి పడనీయకుండ వేరువేరుగా చుట్టవలెను. ముక్కలను అతికించి చూతమని అంచులు కలిపినంతమాత్రముననే సాక్ష్యము చెరగిపోవును. దేహమునుండి తీసిన ఇట్టి వస్తువులను ఎట్లు సేకరింపవలెనో, ఎట్లు పరీక్షింపవలెనో చెప్పు అంతర్జాతీయ ప్రమాణముకూడ కలదు.

ఎముకల శస్త్రవైద్యము పెరిగిన తీరు చూచినను ఇదియే తెలియును. 1886లో హాంబర్గు నగరమున హాన్స్‌మన్ అను వైద్యుడు విరిగిన ఎముకకు లోహపు పలకను బిగించిన విధమును ప్రకటించెను. ఆనాటి లోహములు దేహద్రవములలో చెడిపోవుచుండెను. తీసి చూచిన పలకల తుప్పే వైద్యులను మంచి లోహములకై వెదకునట్లు చేసినది. కోబాల్టు, క్రోమియములు కలిసిన మిశ్రలోహము, తుప్పుపట్టని ఉక్కు, తరువాత టైటానియము ఈ వెదకులాటలో వైద్యులకు దొరికినవే.

కృత్రిమపు తుంటికీలునకు పేరుగాంచిన ఇంగ్లండు వైద్యుడు జాన్ చార్న్‌లీ కథ ఇంకను గమనింపదగినది. ఆయన మొదట టెఫ్లాను అను పదార్థముతో కీలుగిన్నెను చేసి సుమారు మూడువందలమందికి అమర్చెను. రోగులు సంతోషముగా నడచిరి. కాని రెండుమూడేండ్లు గడచునప్పటికి గిన్నెలు అరిగి, ఆ పొడి చుట్టునున్న మాంసమును చెరచినది. చార్న్‌లీ వానిని తీసి, అరుగుదలను కొలిచి, తన తప్పును తానే లోకమునకు చెప్పెను. టెఫ్లానును తన తొడలోనే ఎక్కించుకొని దాని దోషమును స్వయముగా పరీక్షించుకొనెను. 1962లో పాలిథీను గిన్నెను ఉపయోగించి విజయము పొందెను. అటుపిమ్మట, మరణానంతరము తమ కీలును పరీక్షకు ఇచ్చుటకై రోగులనుండి అంగీకారమును కోరుచుండెను. దేహమునుండి తీసిన వస్తువు చెత్త కాదని, అది రాబోవు రోగికి మేలుచేయు పాఠమని ఆయన గ్రహించెను.

ఇటీవలి సంగతియు కలదు. లోహపు గిన్నెలో లోహపు బంతి తిరుగునట్లు చేసిన ఒక తుంటికీలును 2010లో ప్రపంచమంతటను వెనుకకు పిలిచిరి. మన దేశములోను వేలమందికి ఆ కీలు అమర్చియుండిరి. అవి త్వరగా చెడిపోవుచున్నవని ఆస్ట్రేలియా దేశపు కీళ్లమార్పిడి పట్టిక ముందుగా హెచ్చరించినది. ఎందులకు చెడిపోవుచున్నవో చెప్పినవి మాత్రము తీసిన కీళ్లే. లోహము రాపిడిపడి సన్నని పొడియై దేహములో చేరుచుండెనని, రక్తమున కోబాల్టు, క్రోమియములు పెరుగుచుండెనని పరిశోధకులు కనుగొనిరి.

ఇక మన దేశపు చట్టము ఏమి చెప్పుచున్నదో చూతము. 2016 నాటి జీవవైద్య వ్యర్థముల నిర్వహణ నియమములు దేహములో అమర్చిన లోహవస్తువులను నీలిరంగు గుర్తుగల పెట్టెలో వేయవలెనని విధించినవి. పగిలిన మందుసీసాలకు నిర్ణయించినదియు ఆ పెట్టెయే. అది గ్రుచ్చుకొనని, కారని పెట్టె కావలెను.  ఆవిరి మున్నగు పద్ధతులతో క్రిములను చంపి, పిదప లోహమును కరిగించి తిరిగి వాడుకొనుటకు పంపవలెను. చెత్త యెత్తు పనివారి చేతులకు, ఊరి ఆరోగ్యమునకు ఈ నియమము రక్ష. దీనిని మేము తప్పుపట్టుట లేదు. అయితే ఈ త్రోవ ఒక్కటియే యున్నచో విరిగిన పలకయు, పని ముగిసి నిక్షేపముగా బయటికి వచ్చిన పలకయు ఒకే పెట్టెలో పడి ఒకే కొలిమికి పోవును. విరిగినదానికి, కాలము తీరకముందే చెడినదానికి మరియొక త్రోవ వైద్యశాలలో ఉండవలెను. వైద్యపరికరముల వలన కలిగిన హానిని నమోదు చేయుటకై మన దేశమున 2015లో ఒక కార్యక్రమము ప్రారంభమైనది. వైద్యులే కాక ఇతరులును దానికి తెలుపవచ్చును. కాని వస్తువు పోయిన పిమ్మట పంపిన నివేదికలో మాటలే మిగులును.

మరియొక అపాయము కలదు. ఒకరి దేహమునుండి తీసిన పలకను కడిగి మరియొకరికి వేయరాదు. పైకి మెరుపు తగ్గకున్నను లోపల అలసట చేరియుండును. కంటికి కనిపించని పగులు పుట్టియుండవచ్చును. అందుచేతనే ఒకసారి అమర్చిన లోహమును తిరిగి అమర్చరాదను నియమమును శస్త్రవైద్యులు పాటింతురు. తీసినది ఏమైనదో లెక్కలేని చోట ఈ నియమము నిలుచునని చెప్పుటకు వీలులేదు.

పేస్‌మేకరు సంగతి వేరు. అది బరువు మోయునది కాదు. దానిలో బ్యాటరీ యుండును. మరణించినవారి దేహమునుండి దానిని తీయక దహనము చేసినచో వేడికి ప్రేలును. 1976లో బ్రిటనులోని ఒక దహనశాలలో అట్లు జరిగినది. అందుచే దహనమునకు ముందు దానిని తీయించుట కుటుంబమువారి విధి. 1970లో ఫ్రాన్సులో మొదలై కొంతకాలము ప్లుటోనియముతో నడచు పేస్‌మేకరులనుకూడ అమర్చిరి. అమెరికాలో అట్టివానిని మరణానంతరము తీసి ప్రభుత్వపు అణుపరిశోధనశాలకు తిరిగి పంపవలెనని కట్టడి చేసిరి. ఒక్కొక్క యంత్రమునకు లెక్క యుండెనన్నమాట. అణుశక్తికి చేసిన లెక్క ఉక్కు పలకకు చేయలేమా?

తీసిన పేస్‌మేకరును పూర్తిగా శుద్ధిచేసి, బ్యాటరీని పరీక్షించి, కొనలేని పేదలకు అమర్చు ప్రయత్నములును జరిగినవి. కెనడాలో శుద్ధిచేసి లాటిన్ అమెరికా దేశముల రోగులకు అమర్చిన యంత్రములపై పరిశీలన 2020లో వెలువడినది. అట్టివి పొందిన 1,051 మందిలో 21 మందికిని, కొత్తవి పొందిన 3,153 మందిలో 38 మందికిని రెండేండ్లలో క్రిమిదోషము కలిగినది. ఈ భేదము నిర్ణయాత్మకమైనది కాదని పరిశోధకులు తేల్చిరి. అయినను అమెరికాలో దీనికి అనుమతి లేదు. గమనింపవలసినది ఏమనగా, అచ్చట ప్రతి యంత్రము ఎవరినుండి వచ్చినదో, ఎట్లు శుద్ధియైనదో, ఎవరికి చేరినదో వ్రాసియుంచిరి. లెక్క యున్నచోట ఔదార్యమునకు తావుండును. లెక్క లేనిచోట అదియే మోసమునకు తావగును.

తీసిన వస్తువు ఎవరిది? దేహములో అమర్చిన వస్తువు ఆ రోగి సొత్తని 1983లోనే బ్రిటను ఆరోగ్యశాఖ తన వైద్యశాలలకు తెలిపెను. ధర్మము చూచినను అంతియే కదా. ధర చెల్లించినవాడు రోగి. ఏండ్ల తరబడి మోసినవాడును రోగియే. కాని సొత్తు అనగానే ఇంటికి తెచ్చి పెట్టెలో దాచుటయే కాదు. దానిని పరీక్షకు పంపుమనుటకు, కరిగించుటకు ఒప్పుకొనుటకు, అది ఏమైనదని అడుగుటకు కల అధికారముకూడ సొత్తులోనిదే.

కావున ఈ ప్రసంగమును వినుచున్నవారికి మా మనవి ఇది. లోహమును అమర్చిననాడు పెట్టెమీద నుండు చీటీని అడిగి తీసికొనుడు. దానిపై తయారీదారు పేరు, రకము, వరుససంఖ్య ఉండును. దానిని ఇంటి పత్రములతో భద్రపరుపుడు. తీయించుకొనుటకు పోవునపుడు శస్త్రచికిత్సకు ముందే, అంగీకారపత్రముపై సంతకము చేయునపుడే, తీసిన వస్తువును ఏమి చేయుదురని అడుగుడు; మీ కోరికను ఆ పత్రములోనే వ్రాయింపుడు. ఇంటికి తెచ్చుకొనదలచినచో ఆవిరిలో శుద్ధిచేసి, మూసిన సంచిలో, రసీదుతో ఇమ్మని కోరుడు. విరిగినదైనచో ఛాయాచిత్రము తీయించి, ముక్కలను వేరువేరుగా ఉంచి పరీక్షకు పంపుడని వైద్యునితో చెప్పుడు. మంచి వైద్యుడు దీనిని అనుమానముగా తలపడు. ఆయనకును తెలిసికొనవలెననియే యుండును. పాత ఇనుములవానికి మాత్రము ఇయ్యకుడు.

మా పెద్దామె రెండవ శస్త్రచికిత్స పిమ్మట నాలుగేండ్లు జీవించినది. కర్ర ఊతతో తులసికోట చుట్టును తిరిగినది. ఆమె పోయిన తరువాత అస్థిసంచయనమునాడు బూడిదలో రెండవ పలక దొరికినది. నల్లబడినదే కాని విరుగలేదు, వంగలేదు. అస్థులను గోదావరిలో కలిపితిమి. లోహమును ఏటిలో వేయుటకు చేయి రాలేదు. వేయుటయు మంచిది కాదు. దానిని మాకు తెలిసిన ఎముకల వైద్యునికి చూపితిమి. ఆయన దానిని త్రిప్పి త్రిప్పి చూచి, ఎముక అతుకనిచోట మొదటి పలక విరుగుట తరచుగా జరుగునదేననియు, నాలుగడుగుల నడక దానిని విరిచినదని ఎవరును చెప్పలేరనియు అనెను. మొదటి పలక యుండినచో చెప్పగలిగియుండువారా అని అడిగితిమి. "ఉండినచో చాలవరకు తెలిసెడిది" అని ఆయన జవాబిచ్చెను.

ఆ ఒక్క మాటకొరకే ఈనాటి ప్రసంగము.