బండి అరుస్తుంది, ముందుకు పోదు



ఈ రోజు మాట మోటారు సైకిలు గురించి. "అది మగవాళ్ల పని కదా" అని ఎవరైనా అనవచ్చు. కుట్టు మిషను మొరాయిస్తే మీరే సరి చేసుకుంటారు కదా! బండీ అలాంటిదే. దానికీ ఒక లెక్క ఉంది. ముందు ఒక అక్క సంగతి వినండి.

చిత్తూరు జిల్లాలో మిట్ట మీద ఒక పల్లె. ఆ అక్క మొగుడు బెంగళూరులో పనికి పోయాడు. ఇంట్లో పాత హీరో హోండా బండి ఉండిపోయింది. ఆమె బండి నేర్చుకుంది. లైసెన్సు తీసుకుంది. రోజూ తెల్లవారక ముందే రెండు క్యాన్లు కట్టుకుని పాల కేంద్రానికి పోతుంది. ఒక క్యాను తనది. రెండోది ఇరుగు పొరుగు నలుగురిది. ఏడు గంటలకు పాల వ్యాను వెళ్లిపోతుంది. ఆలస్యమైతే నలుగురికీ జవాబు చెప్పుకోవాలి.

ఒక రోజు మిట్ట ఎక్కుతుంటే ఇంజను గుయ్యిమని అరిచింది. బండి మాత్రం నత్తలా నడిచింది. మాడిన వాసన వచ్చింది. ఆమె దిగి బండిని నెట్టుకుంటూ పోయింది. వ్యాను దొరకలేదు. పాలు వెనక్కి వచ్చాయి.

"క్లచ్ ప్లేట్లు పోయుంటాయి. ఇంజను విప్పాలి" అన్నారు చూసినవాళ్లు. "ఎంతకో కొంతకు అమ్మేయమ్మా, మనకెందుకీ బండి" అంది అత్త. ఆ రాత్రి అక్కకు నిద్ర పట్టలేదు. బండి పోతే పాల డబ్బులూ పోతాయి.

ఇంతకీ క్లచ్ అంటే ఏమిటి? రెండు అరచేతులూ గట్టిగా అదిమి పట్టండి. ఒక చెయ్యి తిప్పితే రెండోది కూడా తిరుగుతుంది. ఇప్పుడు కాస్త వదులు చేయండి. ఒకటి తిరుగుతుంది, రెండోది జారిపోతుంది. క్లచ్‌లో ప్లేట్లు ఇలాగే ఉంటాయి. కొన్ని ప్లేట్లు ఇంజను వైపువి. కొన్ని గేర్ల వైపువి. స్ప్రింగులు వాటిని అదిమి పడతాయి. అప్పుడే ఇంజను బలం చక్రానికి పోతుంది. ఎడమ చేతి లివరు నొక్కితే వైరు లాగి, ప్లేట్లను వదులు చేస్తుంది. గేరు మార్చడానికి ఆ వదులు కావాలి. లివరు వదిలేశాక మాత్రం ప్లేట్లు పూర్తిగా అతుక్కోవాలి. లేకపోతే జారతాయి. వేడెక్కి మాడతాయి. పెట్రోలు కూడా వృథా.

మరి తప్పు క్లచ్‌దేనని ఎలా తెలుస్తుంది? చెవి పెట్టి వినండి.

ఇంజను సద్దు పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ జారుతోంది. ఇంజను సద్దే తగ్గి, బండి ఈడవలేకపోతే తప్పు వేరే చోట ఉంది. ప్లగ్గు, పెట్రోలు, గాలి ఫిల్టరు చూపించాలి. వెనక చక్రం దగ్గర టకటకమని గుంజితే చెయిను చూడాలి.

అక్క తమ్ముడికి టౌనులో బండ్లు బాగు చేసే పని. మర్నాడు వచ్చాడు. వచ్చీ రాగానే క్లచ్ లివరు పట్టుకుని చూశాడు.

"అక్కా, దీన్ని ఎవరు బిగించారు?"

"నేనేరా. లివరు ఊగుతోందని పోయిన వారం బిగించాను."

"అదే తప్పు. ఆ కాస్త ఊగాల్సిందే. బొత్తిగా బిగిస్తే, నువ్వు చెయ్యి తీసేసినా వైరు లాగుతూనే ఉంటుంది."

అక్క తల పట్టుకుంది. తర్వాత పానా తనే అందుకుంది. "నువ్వు చెప్పు, నేను చేస్తా" అంది.

తమ్ముడు చెప్పిన పద్ధతి ఇది.

1. ఇంజను ఆపాలి. బండి చల్లారాలి. సైలెన్సరు తగిలితే చెయ్యి కాలుతుంది.

2. లివరును ఒక వేలితో మెల్లగా లాగాలి. బరువు తగిలే దాకా లివరు చివర ఎంత కదిలిందో స్కేలుతో కొలవాలి. ఇలాంటి 100 సీసీ బండికి 10 నుంచి 20 మిల్లీమీటర్లు ఉండాలి. అంటే ఒకటి నుంచి రెండు సెంటీమీటర్లు.

3. లివరు దగ్గర వైరు మొదట్లో రబ్బరు తొడుగు ఉంటే జరపాలి. బిగింపు నట్టు వదులు చేయాలి. పక్కనున్న మరను లోపలికి తిప్పితే వైరు వదులవుతుంది. బయటికి తిప్పితే బిగుస్తుంది.

4. అక్కడ చాలకపోతే, కింద ఇంజను దగ్గర వైరుకు ఉన్న నట్లతో సర్దాలి.

5. బిగింపు నట్టు మళ్లీ బిగించాలి. మళ్లీ కొలవాలి. హ్యాండిలు ఎడమకూ కుడికీ తిప్పి చూడాలి. కొలత మారకూడదు.

6. వైరు పోగులు తెగినా, తుప్పు పట్టి వెనక్కి రాకపోయినా కొత్తది వేయాలి.

మరీ వదులు చేసినా తప్పే. గేరు కటకటమంటుంది. లివరు నొక్కి పట్టినా బండి ముందుకు పాకుతుంది.

అక్క కొలిచింది. 15 మిల్లీమీటర్లు వచ్చింది. తేదీ, కొలత నోటు పుస్తకంలో రాసుకుంది. ఖాళీ బండి మీద మిట్ట ఎక్కి చూసింది. మర్నాడు క్యాన్లతో ఎక్కింది. వ్యాను దొరికింది. ఇంజను విప్పే పని రాలేదు.

కొన్ని నెలలకు బండి మళ్లీ జారింది. అక్క కొలిచింది. కొలత సరిగ్గానే ఉంది. అంటే తప్పు వైరుది కాదు. ఇక నట్టు ముట్టుకోలేదు. తమ్ముడి దగ్గరికి తీసుకుపోయింది. విప్పి చూస్తే ప్లేట్లు నిజంగానే అరిగాయి. కొత్తవి వేయించింది. అత్త మారు మాట్లాడలేదు. ఆ డబ్బు పాల లెక్కలో నుంచే వచ్చింది.

ఇంకో సంగతి. ఇలాంటి బండ్లలో ప్లేట్లు ఇంజను ఆయిలులోనే తడిసి ఉంటాయి. కారు ఆయిలు పోస్తే కొన్నిసార్లు జారతాయి. మోటారు సైకిలు ఆయిలే అడగండి. డబ్బా మీద జాసో ఎం.ఏ. అనే అక్షరాలు ఉన్నాయో లేదో చదివి కొనండి. నడిపేటప్పుడు చెయ్యి ఊరికే క్లచ్ మీద ఉంచకండి. ఆ కాస్త బరువే ప్లేట్లను అరగదీస్తుంది.

బండి నడిపేవారు ఈ రోజే ఇంటికి పోయి కొలిచి చూడండి. నడపనివారు ఇంట్లో నడిపేవారి చేత కొలిపించండి. ఎన్ని మిల్లీమీటర్లు వచ్చిందో పలక మీద రాసుకుని రండి. రేపు అందరి కొలతలూ పక్కపక్కన పెట్టి చూడవచ్చు.

సెలవు.