ఆసనమూ వేదనా: వదులు కీళ్ళు గల సాధకుల కోసం

 

ధ్యానాన్ని గురించి మాట్లాడే సభలలో మనం చిత్తాన్ని గురించి విస్తారంగా చెప్పుకుంటాము. ఆ చిత్తానికి ఆశ్రయమై కూర్చునే శరీరంలోని చిట్టచివరి పూసను గురించి మాట్లాడేవారు అరుదు. ఈ పూట మేము మాట్లాడదలచినది దానిని గురించే. వైద్య గ్రంథాలు దానిని అనుత్రికం అంటాయి; మన ఇళ్ళలో ముడ్డిపూస అంటాము. ఆ మాట నలుగురిలో పలకడానికి సంకోచించడం వల్లనే కాబోలు, కొందరు ఉపాసికలు ఆ నొప్పిని ఎవరికీ చెప్పుకోలేక ధ్యానశాలకు రావడమే మానివేస్తున్నారు. కేశాలు మొదలు మూత్రం దాకా శరీరభాగాలను పేరుపేరునా స్మరించమని నేర్పిన ధర్మం మనది. ఇందులో సిగ్గుపడవలసినది ఏమీ లేదు.

శిబిరంలో తొలినాడే అవలీలగా పద్మాసనం వేయగలిగినవారిని చూసి తక్కినవారు ముచ్చటపడతారు. మోకాళ్ళు నేలకు ఆనుతాయి, పాదాలు తొడలపైకి ఎక్కుతాయి, ఎక్కడా బిగువు కనిపించదు. అనేకుల విషయంలో అది సాధన ఫలం కాదు, పుట్టుకతో వచ్చిన దేహనిర్మాణం. ఎముకను ఎముకతో కట్టి ఉంచే సంధిబంధనాలు వారిలో మామూలు కంటే ఎక్కువగా సాగుతాయి. వైద్యులు దీనిని బెయిటన్ కొలతతో పరీక్షిస్తారు. చిటికెన వేలు వెనుకకు 90 డిగ్రీలు మించి వంగుతుందా, బొటనవేలు ముంజేతికి తగులుతుందా, మోచేతులూ మోకాళ్ళూ వెనుకకు వంపు తిరుగుతాయా, మోకాళ్ళు వంచకుండా రెండు అరచేతులూ నేలకు ఆనుతాయా అని చూసి, మొత్తం 9 మార్కులకు లెక్క కడతారు. 50 ఏళ్ళ లోపు పెద్దలకు 5 గాని అంతకు మించి గాని వస్తే వదులు కీళ్ళుగా భావిస్తారు. అది తనంత తాను రోగం కాదు. తరచుగా కీళ్ళు తొలగడం, ఏళ్ళ తరబడి నొప్పి ఉంటే మాత్రం ఎహ్లర్స్-డాన్లోస్ వంటి రుగ్మత ఉన్నదేమో వైద్యులే తేల్చవలసి ఉంటుంది.

ఇటువంటివారు నేలపై బాసింపట్టు వేసుకొని గంటసేపు కూర్చుంటే ఏమవుతుంది? కండరాలు పట్టి నిలపవలసిన వెన్ను, కొంతసేపటికి సంధిబంధనాల మీద వేలాడుతుంది. కటి వెనుకకు దొర్లుతుంది, నడుము గూనిలా వంగుతుంది. పిర్రల ఎముకలు రెండింటి మీద ఉండవలసిన బరువు ముడ్డిపూస మీదికి జారుతుంది. ఆ పూస మూడు నుంచి ఐదు చిన్న ఖండాల కూర్పు. కూర్చున్నప్పుడు అది కొద్దిగా కదలడం సహజమే. ఆ కదలిక 25 డిగ్రీలు మించితే అతిచలనం అంటారు. నిలబడినప్పుడు ఒకటి, నొప్పి పుట్టే భంగిమలో కూర్చున్నప్పుడు ఒకటి ఎక్స్‌రే తీసి పోల్చితేనే అది బయటపడుతుంది. పడుకోబెట్టి తీసిన ఒక్క ఎక్స్‌రేలో ఏమీ కనిపించక, నీకు ఏ జబ్బూ లేదని ఇంటికి పంపివేయబడిన వారిని మేము ఎరుగుదుము. కూర్చుని లేచే క్షణంలో చురుక్కుమనడం ఈ నొప్పి గుర్తులలో ఒకటి. జారిపడినవారిలోను, ప్రసవానంతరం స్త్రీలలోను ఇది ఎక్కువ. బస్సు వెనుక సీటులో గతుకుల రోడ్డున వచ్చినవారికి వేరే చెప్పనక్కర లేదు.

ఇక అసలు చిక్కు దగ్గరకు వస్తాము. నొప్పి వచ్చినా కదలకు, వేదనను వేదనగా చూడు అని సాధకులకు చెప్పడం పరిపాటి. ఆ ఉపదేశానికి విలువ లేదని మేము అనము. మొద్దుబారిన కాలును, దురదను, విసుగును చూడడానికి అది చక్కని శిక్షణ. అయితే సర్వాసవ సూత్రంలో భగవానుడు ఆస్రవాలను తొలగించడానికి ఏడు మార్గాలు చెప్పాడు. సహించడం వాటిలో ఒకటి, వాడుకోవడం మరొకటి. చీవరం, పిండపాతం, నివాసం, ఔషధం అన్నీ ఈ వాడుకోవడంలోనే వస్తాయి. ఔషధం దేనికంటే పుట్టిన బాధను ఉపశమింపజేయడానికే. సహించవలసినదేదో, మందు వేయవలసినదేదో వేరు చేసి చూడడమే ప్రజ్ఞ. కీలు స్థానం తప్పుతున్నదని శరీరం తెలుపుతుంటే దానిని మొండితనంతో అణచడం సహనం కాదు. ఇసిపతనంలో తొలి ఉపదేశంలోనే విడువమన్న ఆత్మపీడనమది. రెండు బాణాల ఉపమానాన్ని చాలామంది ఉదాహరిస్తారు. మనస్సు వేసుకునే రెండో బాణాన్ని మానుకొమ్మన్నారు గాని, మొదటి బాణాన్ని ఇంకా లోతుగా దింపుకొమ్మని ఎక్కడా చెప్పలేదు.

భగవానుని నడుము నొప్పిని గురించి మనం తరచు తలచుకోము. కపిలవస్తులో శాక్యుల కొత్త సభాభవనంలో రాత్రి చాలాసేపు ధర్మం బోధించిన తరువాత, తన వీపు నొస్తున్నదని, కాస్త చాచుకుంటానని చెప్పి, మిగిలిన ఉపదేశాన్ని ఆనందునికి అప్పగించి, చీవరాన్ని నాలుగు మడతలు వేసి పరచుకొని కుడి ప్రక్కకు పవళించాడు. సేఖ సూత్రంలో ఉన్న సంగతి ఇది. పావాలో ఇలాగే శారిపుత్రునికి అప్పగించినట్లు సంగీతి సూత్రం చెబుతుంది. అలా పవళించినందుకు ఆయన స్మృతి చెదరలేదు, ఆ సభ గౌరవమూ తగ్గలేదు.

కనుక ఏమి చేయవచ్చు? ముందుగా ఆసనం ఎత్తు. మోకాళ్ళ కంటే తుంటి పైన ఉండాలి. అప్పుడు కటి ముందుకు వాలి, బరువు పిర్రల ఎముకల మీద నిలుస్తుంది. వెనుక భాగం కోసి ఉన్న ఏటవాలు దిండు దొరికితే మేలు. మధ్యలో రంధ్రం ఉన్న గుండ్రని దిండు చాలామంది కొంటారు గాని, దాని వెనుక అంచే ఆ పూసకు తగులుతుంది. కొనలేనివారు రెండు తువాళ్ళను గట్టిగా చుట్టి, పిర్ర క్రింద ఒక్కొక్కటి పెట్టుకొని, మధ్య వెనుక భాగం ఖాళీ వదిలితే చాలు. ఇరవై నిమిషాలకొకసారి లేవండి. లేచేటప్పుడు నిటారుగా గాక, తుంటి దగ్గర ముందుకు వంగి లేస్తే ఆ చురుకు తగ్గుతుంది. వేడి కాపడం కొందరికి హాయినిస్తుంది. మలబద్ధకం ఈ నొప్పిని పెంచుతుంది కాబట్టి నీరు, పీచు ఉన్న ఆహారం అవసరం.

వదులు కీళ్ళవారికి ప్రత్యేకంగా చెప్పవలసిన మాట ఇంకొకటి ఉన్నది. నొప్పి అనగానే వారికి ఎవరో ఒకరు సాగదీసే వ్యాయామాలు నేర్పుతారు. ఇప్పటికే సాగిన దానిని ఇంకా సాగదీయడం వారికి హితం కాదు. వారికి కావలసినది పిర్రల, పొట్ట లోపలి కండరాల బలం. అది మెల్లగా, కీలును చివరి అంచు దాకా నెట్టకుండా రావాలి. కటి అడుగున ఉండే కండరాలు ఆ పూసకే అంటుకొని ఉంటాయి. వదులైన పూసను పట్టి ఉంచే ప్రయత్నంలో అవి బిగుసుకుపోవచ్చు. అలాంటప్పుడు వాటిని ఇంకా బిగించే అభ్యాసం చేయిస్తే నొప్పి పెరుగుతుంది. ముందు సడలించడం నేర్చుకోవాలి. దీనికి తగిన ఫిజియోథెరపిస్టును సంప్రదించండి. చాలామందికి కొన్ని వారాలలోనో నెలలలోనో ఇంతమాత్రంతోనే ఉపశమనం కలుగుతుంది. ఇంజెక్షన్లు ఆ తరువాతి మాట, శస్త్రచికిత్స ఏ కొద్దిమందికో. జ్వరం, ఆ చోట వాపు లేక చీము, పడుకున్నా తగ్గని రాత్రి నొప్పి, కారణం లేకుండా బరువు తగ్గడం ఉంటే ఆలస్యం చేయక వైద్యునికి చూపండి. తొడల మధ్య తిమ్మిరి, మలమూత్రాల మీద అదుపు తప్పడం కనిపిస్తే ఆనాడే ఆసుపత్రికి వెళ్ళాలి.

కుర్చీలో కూర్చుంటే అది ధ్యానమేనా అని అడిగేవారు ఎల్లోరా పదవ గుహకు వెళ్ళి చూడవచ్చు. స్తూపం ముందు కొలువై ఉన్న ఆ పెద్ద బుద్ధమూర్తి కాళ్ళు క్రిందికి వేలాడవేసి పీఠం మీద కూర్చున్నాడు. అజంతా 26వ గుహలోనూ స్తూపం మీద అదే భంగిమ. ఆ గుహలోనే ఎడమ గోడన మహాపరినిర్వాణ శయనం. స్మృతిప్రస్థానం నడక, నిలకడ, కూర్చోవడం, పడుకోవడం నాలుగింటినీ సాధనకు క్షేత్రాలుగా చెప్పింది. చంక్రమణం చేసేవానికి కలిగే ఐదు ప్రయోజనాలలో అల్పరోగం ఒకటి, నడుస్తూ పొందిన సమాధి చిరకాలం నిలవడం మరొకటి అని అంగుత్తర నికాయం చెబుతున్నది. నొప్పి తీవ్రంగా ఉన్న రోజులలో నడకనే ప్రధాన సాధనగా పెట్టుకొన్న ఉపాసికలు మన విహారంలో ఉన్నారు. పది నిమిషాలు కూర్చుని, ఇరవై నిమిషాలు వరండాలో నడిచి, మళ్ళీ వచ్చి కూర్చుంటారు. వారి రాకపోకల అలికిడిని విఘ్నంగా భావించవద్దని తక్కినవారికి మనవి.

రేపు ఉదయం సామూహిక ధ్యానానికి శాల వెనుక గోడ వెంట ఆరు కుర్చీలు వేయించాము. వాటి ప్రక్కనే చుట్టిన తువాళ్ళు, ఏటవాలు దిండ్లు నాలుగు ఉంటాయి. కావలసినవారు ఎవరినీ అడగకుండానే తీసుకోవచ్చు. కారణం చెప్పనవసరం లేదు.